భూమిని చూసి ఇచ్చే చదువు అప్పు

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల గత ఇరవై ఏళ్లలో భూమికి పెరిగిన ధర ఎటు పోయిందని లెక్క తీస్తే, అందులో ఒక వాటా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల ఖాతాల్లో తేలుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. తుర్కపల్లి దగ్గర జినోమ్ వ్యాలీ విస్తరించింది. ఒకపక్క నాగ్‌పూర్ హైవే, మరోపక్క రాజీవ్ రహదారి వెంట పొలాలు వెంచర్లయ్యాయి. ఎకరాలు, గుంటల్లో చెప్పుకున్న భూమిని గజాల్లో చెప్పుకోవడం అలవాటైంది. అదే కాలంలో కండ్లకోయ, మైసమ్మగూడ, దుండిగల్‌లలో ఇంజినీరింగ్ కాలేజీలు వరుసగా లేచాయి. ఊళ్లో కాలేజీ బస్సెక్కి బీటెక్ పూర్తి చేసిన పిల్లలు ఎంఎస్ కోసం శంషాబాద్‌లో విమానం ఎక్కుతున్నారు. ఆ విమానం కదలాలంటే కుటుంబానికున్న ఒకే ఒక్క పెద్ద ఆస్తి, అది ప్లాటైనా ఇల్లయినా, కాగితాల రూపంలో బ్యాంకుకు చేరాలి.

ఇది ఒకటి రెండు మండలాల ముచ్చట కాదు. అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లది ఇప్పుడు మొదటి స్థానం. అక్కడి విదేశీ విద్యార్థులను ఏటా లెక్కించే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వారిలో సగానికి పైగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వెళ్లినవారేనని హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ అధికారులే 2024లో చెప్పారు. అయితే అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ఎంఎస్, పీహెచ్‌డీ స్థాయిలో చదువుతున్న భారతీయుల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు పది శాతం తగ్గింది. మొత్తం పెరిగినట్టు కనిపించడానికి కారణం చదువు ముగించుకొని ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అక్కడే పనిచేసే అనుమతి) మీద పనిచేస్తున్నవారు ఎక్కువ కావడమే. కొత్తగా వెళ్లేవారి దారి ఇరుకవుతోందన్నమాట. దారి ఇరుకైనా ఒక్కో కుటుంబం చేసే అప్పు మాత్రం భారీగానే ఉంటోంది. ఎందుకంటే ఇక్కడ అప్పు పుట్టేది చదువును చూసి కాదు, దాని వెనకున్న భూమిని చూసి. అసలు సమస్య అక్కడే ఉంది.

రీయింబర్స్‌మెంట్ నుంచి తనఖా దాకా

ఈ ప్రాంతంలో బీటెక్ చదువుకు కుటుంబం మీద పడే భారం ఒక స్థాయిలోనే ఉంటుంది. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలంగాణలోనూ కొనసాగుతోంది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు పది వేలు దాటితే ఏడాదికి 35 వేలకు మించి రాదు. మిగతాది తల్లిదండ్రులు సర్దుతారు. చీటీ పాడి, బంగారం కుదువపెట్టి, పాలకేంద్రం డబ్బులు కలిపి నాలుగేళ్లు నెట్టుకొస్తారు. ఆ తర్వాత ఒక్కసారిగా 40 లక్షల మాట వస్తుంది. వేలల్లో ఆలోచించిన ఇంటికి లక్షల్లో సంతకం పెట్టాల్సిన రోజు ఏ మెట్లూ లేకుండా వచ్చిపడుతుంది.

మధ్యలో ఒక చిక్కు. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదంటూ చాలా కాలేజీలు ఆ మొత్తాన్ని విద్యార్థి కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామంటాయి. బకాయిల కోసం 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్ పాటించాయి. అమెరికాలో ఫాల్ సెమిస్టరు అడ్మిషన్ చేతిలో ఉన్న పిల్లవాడికి ఎదురుచూసే వ్యవధి ఉండదు. కాబట్టి ప్రభుత్వం కట్టాల్సిన ఫీజును కుటుంబమే మళ్లీ కట్టి కాగితాలు తెచ్చుకుంటుంది. విదేశీ చదువు ఖర్చు లెక్క అక్కడి ఫీజుతో కాక, ఇక్కడి ప్రభుత్వ బకాయితోనే మొదలవుతోంది.

ప్లాటుకు పెట్టే పరీక్ష

భారతీయ బ్యాంకుల సంఘం (ఐబీఏ) నమూనా చదువు అప్పు పథకం ప్రకారం నాలుగు లక్షల దాకా హామీ అక్కర్లేదు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా తప్పదు. పేరున్న విశ్వవిద్యాలయాల జాబితాలో సీటొస్తే తనఖా లేకుండా ఇచ్చే పథకాలు ఉన్నాయి గానీ, మన పిల్లల్లో ఎక్కువమందికి సీట్లు వచ్చేది ఆ జాబితా బయటే. తండ్రి ఉద్యోగస్థుడైతే ఐటీ రిటర్నులు చూపిస్తాడు. రైతుకు, మేస్త్రీకి, కిరాణా కొట్టు నడిపేవాడికి ఆ కాగితం ఉండదు. ఇక మిగిలేది భూమి.

భూమి ఉన్నంత మాత్రాన పని కాదు. సాగుభూమిని చాలా బ్యాంకులు చదువు అప్పుకు తనఖాగా తీసుకోవు. అప్పు మొండిబడితే కోర్టుకు పోకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. ఆ చట్టం నుంచి వ్యవసాయ భూమికి మినహాయింపు ఉంది. అంటే రైతు రక్షణ కోసం పెట్టిన నిబంధనే రైతుబిడ్డకు అప్పు పుట్టకుండా అడ్డం పడుతోంది. దాంతో అరెకరం అమ్మి ఆ డబ్బు పంపడమో, ఉన్న ఇంటిని పెట్టడమో చేస్తున్నారు. గ్రామకంఠంలో తాతలు కట్టిన ఇంటికి లింకు డాక్యుమెంట్లు దొరకవు. పంచాయతీ లేఅవుట్‌లో కొన్న ప్లాటుకు 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) దరఖాస్తు పెట్టి ఊరుకుంటే, క్రమబద్ధీకరణ పత్రం లేదంటారు. జవహర్‌నగర్ లాంటి చోట్ల ప్రభుత్వ భూముల్లో ఏళ్లుగా ఉంటున్నవారి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ పక్కనే బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం 2008 నుంచి ఉంది, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దేశమంతటి నుంచీ పిల్లలు వచ్చి చదివే సంస్థల నీడలో ఉన్న ఇళ్లకు తమ పిల్లల చదువు కోసం తనఖా పెట్టుకునే హక్కు లేదు.

అన్నీ ఉన్నా, తనఖా రోజు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒక దృశ్యం సాధారణం. పిత్రార్జితమైతే వారసులందరూ రావాలని బ్యాంకు లాయరు రాసి ఉంటాడు. కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఇచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. అందుకని పెళ్లయి గజ్వేల్‌లోనో తూప్రాన్‌లోనో ఉన్న అక్కచెల్లెళ్లు ఆధార్ కార్డులు పట్టుకొని వస్తారు. తమ్ముడి ఎంఎస్ కోసం తమ వాటా మీద వేలిముద్ర వేసి వెళ్తారు. ఆ అప్పు తీరకపోతే పోయేది ఒక్కడి ఆస్తి కాదు. ఆ అక్కచెల్లెళ్లకు ‘ఏ కోర్సు, ఏ యూనివర్సిటీ’ అన్నది చెప్పి ఎవరూ సంతకం తీసుకోరు, చెప్పాలని కూడా అనుకోరు.

ఇంత పరీక్ష పెట్టిన బ్యాంకు కోర్సు గురించి మాత్రం ఎంత అడుగుతుంది? ప్లాటుకు లీగల్ ఒపీనియన్ ఉంటుంది, ఇంజినీరు విలువ కడతాడు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పై ఏళ్లది తీస్తారు. అదే ఆ యూనివర్సిటీలో చేరినవారిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, సగటు జీతం ఎంత అన్నది దరఖాస్తులో ఒక గడి నింపితే సరిపోతుంది. బ్యాంకును తప్పు పట్టడానికి లేదు. దాని డబ్బుకు భరోసా ప్లాటులో ఉంది. చదువు ఫలించినా ఫలించకపోయినా దానికి వచ్చే నష్టం తక్కువ. సీటు ఇప్పించిన కన్సల్టెన్సీకి యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. యూనివర్సిటీకి ఫీజు ముందే వస్తుంది. ఈ లావాదేవీలో చదువు పనికొచ్చిందా లేదా అన్నదాని మీద ఆధారపడ్డది ఆ కుటుంబం ఒక్కటే.

నలభై లక్షల అసలు బరువు

ఒక మామూలు లెక్క చూద్దాం. రెండేళ్ల ఎంఎస్‌కు 40 లక్షల అప్పు, వడ్డీ 11 శాతం. సెమిస్టరుకు పది లక్షల చొప్పున నాలుగు విడతల్లో డబ్బు వెళ్తుంది. చదువు, ఆపై ఆరు నెలల గడువు కలిపి ముప్పై నెలలు కిస్తీ లేదు. కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కిస్తీ మొదలయ్యే నాటికి అప్పు 47 లక్షల 70 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 65 వేల 700 చొప్పున కట్టాలి. మొత్తం 78 లక్షల 80 వేలు దాటుతుంది. ‘నలభై లక్షలతో అయిపోతుంది’ అని ఇంట్లో అనుకున్నదానికి ఇది దాదాపు రెట్టింపు.

దీనికి రూపాయి పతనం తోడు. 2024 ఆగస్టులో డాలరు 84 రూపాయల దగ్గరుంది. 2025 డిసెంబరులో 90 దాటింది. రెండో ఏడాదికి 25 వేల డాలర్లు మిగిలి ఉన్న విద్యార్థికి ఈ ఒక్క కారణంతో లక్షన్నర అదనపు భారం పడింది. మంజూరైన మొత్తం రూపాయల్లో ఉంటుంది కాబట్టి తేడా ఇంటి నుంచి సర్దాల్సిందే. చిత్రమేమిటంటే ఇదే పతనం అక్కడ ఉద్యోగం దొరికినవాడికి మేలు. 65,700 రూపాయల కిస్తీ డాలరు 90 ఉంటే అతనికి 730 డాలర్లే. ఉద్యోగం దొరకక తిరిగొచ్చినవాడు అదే కిస్తీని హైదరాబాద్ జీతంలోంచి కట్టాలి. కొత్తగా చేరే ఇంజినీరుకు చాలాచోట్ల నెల జీతమే అంత రాదు. నిలదొక్కుకున్నవాడికి లాభం, తిరిగొచ్చినవాడికి రెండింతల నష్టం: ఈ అప్పు స్వభావమే అది.

పార్ట్‌టైమ్ చేసి ఖర్చులు వెళ్లదీస్తారన్న లెక్క కూడా చాలా ఇళ్లలో ఉంటుంది. అమెరికా విద్యార్థి వీసా ఎఫ్-1పై క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే అనుమతి. ఆ ఉద్యోగాలు అందరికీ దొరకవు. బయట గ్యాస్ స్టేషన్లలో, హోటళ్లలో చేయడం నిబంధనలకు విరుద్ధం. ఒకప్పుడు చూసీచూడనట్టు పోయిన విషయమే, 2025 నుంచి వీసాకే ఎసరు తెచ్చే విషయమైంది. ఆ సంపాదనను లెక్కలో వేసుకొని అప్పు తక్కువ తీసుకున్నవారు ఇప్పుడు నెలనెలా ఇంటికి ఫోన్ చేస్తున్నారు.

ముందు చూపించాలి, తర్వాత వస్తుంది

ఏ దేశమైనా సీటుతో పాటు డబ్బు చూపించమంటుంది. అమెరికా అయితే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో రాసిన మొదటి ఏడాది ఖర్చుకు ఆధారం కావాలి. బ్రిటన్ అయితే మిగిలిన ఫీజు, తొమ్మిది నెలల జీవన వ్యయం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలంటుంది. కెనడా 2025 సెప్టెంబరు నుంచి 22,895 కెనడా డాలర్లు చూపమంటోంది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు గానీ, ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి. అయితే ఆ డబ్బు విద్యార్థిదే, నెలకు 992 యూరోల చొప్పున తిరిగి చేతికొస్తుంది. ఫీజుగా పోయే డబ్బుకూ, తిండికి దాచిన డబ్బుకూ తేడా గ్రహించినవారు ఈమధ్య జర్మన్ భాష క్లాసులకు వెళ్తున్నారు.

ఈ ‘చూపించడం’ దగ్గర పేద కుటుంబం ఇరుక్కుంటుంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయమున్న ఇంటి బిడ్డకు 20 లక్షల దాకా సాయం. మంచి పథకాలే. కానీ మొదటి విడత అక్కడికి వెళ్లి చేరినట్టు ఆధారం చూపాక, రెండో విడత మొదటి సెమిస్టరు ఫలితం చూపాక వస్తాయి. ఆ విడతలూ నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయన్నది అందరికీ తెలిసిన సంగతి. వీసాకు ముందే డబ్బు కావాలి, సాయం విమానం దిగాక వస్తుంది. మధ్య ఖాళీని నింపేది నూటికి రెండు రూపాయల వడ్డీ ఫైనాన్స్. ఇరవై లక్షలు ఆ వడ్డీకి తెస్తే నెలకు 40 వేలు వడ్డీకే పోతాయి. పది నెలలు స్కాలర్‌షిప్ ఆలస్యమైతే నాలుగు లక్షలు, అంటే సాయంలో ఐదో వంతు, ఊళ్లో వడ్డీ వ్యాపారి ఖాతాకు చేరుతుంది. ప్రభుత్వం ఇచ్చింది 20 లక్షలు, బిడ్డకు అందింది 16 లక్షలు.

కేంద్రం వైపు నుంచీ ఆదరణ తగ్గింది. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుపై వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ పథకాన్ని 2022-23 నుంచి ఆపేశారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని ఎంపిక చేసిన సంస్థలకే. 2025 బడ్జెట్ మాత్రం ఒక ఊరట ఇచ్చింది. గుర్తింపు పొందిన సంస్థ అప్పుతో పంపే ఫీజుకు టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను) తీసేశారు. సొంత డబ్బయితే ఏడాదికి పది లక్షలు దాటినదానిపైనే పడుతుంది. భూమి అమ్మి పంపే రైతు ఆ టీసీఎస్‌ను తిరిగి రాబట్టుకోవాలంటే రిటర్ను వేయాలి. అలవాటు లేక వదిలేస్తే పోయినట్టే.

చివరి మెట్టు మీద లాటరీ

ఎంఎస్ అయ్యాక ఓపీటీ ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులైతే మరో రెండేళ్లు. పదేళ్ల కిస్తీలో పని చేసే హక్కు మూడేళ్లకు మించి ఖాయం కాదు. మిగతా కాలం హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఆధారం. ఏటా 85 వేల వీసాలకు లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ వచ్చినా, కంపెనీల్లో జంకు పుట్టింది. ఆ వెంటనే లాటరీలో ఎక్కువ వేతనం వారికి ఎక్కువ అవకాశం దక్కే పద్ధతి తెచ్చారు. చదువు పూర్తిచేసి మొదటి ఉద్యోగంలో చేరినవాడే ఇందులో వెనకబడేది.

దిగువ స్థాయి యూనివర్సిటీల విషయంలో మనకు పాత గాయాలున్నాయి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై దాడి జరిగినప్పుడు వీధిన పడ్డవారిలో అత్యధికులు తెలుగువారే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తొడిగారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు అమెరికా ప్రభుత్వమే పన్నిన వల అని తేలింది. 129 మంది భారతీయ విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. ఇన్ని జరిగినా సీటు ఇప్పించేవారిపై నియంత్రణ రాలేదు. 1983 నాటి వలసల చట్టం ఉద్యోగాలకు పంపే ఏజెంట్లను నమోదు చేయమంటుంది గానీ, చదువుకు పంపేవారిని పట్టించుకోదు. పంజాబ్ మాత్రం 2012లో తెచ్చిన చట్టంతో కన్సల్టెన్సీలను లైసెన్సు కిందికి తెచ్చింది. అమీర్‌పేట నుంచి కొంపల్లి దాకా బోర్డులు వేలాడే తెలంగాణలో ఆ ప్రయత్నం లేదు.

ఏం చేయాలి

మొదటిది, స్కాలర్‌షిప్‌కు ఎంపికైన విద్యార్థి పేరిట ప్రభుత్వం హామీ పత్రం ఇవ్వాలి. ఆ పత్రం మీద ప్రభుత్వ రంగ బ్యాంకు తనఖా అడగకుండా 20 లక్షలు ఇచ్చి, విడతలు నేరుగా ప్రభుత్వం నుంచి రాబట్టుకోవాలి. ఆలస్యానికి వడ్డీ పడితే అది ఖజానా భరించాలి. అప్పుడు బకాయిలు పేరుకుపోవడం ప్రభుత్వానికే ఇష్టముండదు. రెండోది, కన్సల్టెన్సీకి లైసెన్సు, ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషన్ తీసుకుంటున్నారో విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పే నిబంధన కావాలి. మూడోది, తనఖా అప్పు మంజూరు చేసే ముందు బ్యాంకు ఒక కాగితం తెలుగులో ఇచ్చి, ఆస్తిలో వాటా ఉన్నవారందరికీ చదివి వినిపించాలి. కిస్తీ ఎంత, అమెరికాలో ఉద్యోగం వస్తే ఎలా, రాకపోతే ఎలా అన్నది అందులో ఉండాలి. కూతుళ్ల సంతకం తీసుకునే చట్టం ఉన్నప్పుడు, వారికి చెప్పే బాధ్యత కూడా ఉండాలి.

కుటుంబం తన వంతుగా చేసుకోగల లెక్క ఒకటుంది. పదకొండు శాతం వడ్డీకి పదేళ్ల అప్పులో ప్రతి లక్షకు నెల కిస్తీ సుమారు 1,380 రూపాయలు. పిల్లవాడు తిరిగొచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తే నెలకు 25 వేలు కట్టగలడనుకుంటే, కిస్తీ మొదలయ్యే నాటికి అప్పు 18 లక్షలు దాటకూడదు. చదువుతున్నప్పుడు పెరిగే వడ్డీని తీసేస్తే తీసుకోదగ్గ అప్పు 15 లక్షల దగ్గర ఆగుతుంది. మిగతాది స్కాలర్‌షిప్, అసిస్టెంట్‌షిప్, ఫీజు తక్కువున్న దేశం, లేదా రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి కూడబెట్టిన డబ్బు భరించాలి. ఆ గీత దాటి తీసుకునే ప్రతి లక్షా అమెరికాలో ఉద్యోగం తప్పక వస్తుందన్న పందెం మీద పెట్టేదే. పందెం కాయకూడదని కాదు. కాసేది ప్లాటు అని, ఆ ప్లాటులో అక్కచెల్లెళ్ల వాటా కూడా ఉందని తెలిసి కాయాలి. తిరిగొచ్చినా తీర్చగలమా అని బ్యాంకు అడగదు, కన్సల్టెన్సీ అడగదు. కాబట్టి సంతకానికి ముందు ఇంట్లోనే ఎవరో ఒకరు అడగాలి, జవాబు ‘లేదు’ అయితే ఆ మొత్తాన్ని తగ్గించుకోవాలి.